ఇంకా పుట్టని యంత్రాలకు రూపశిల్పులు

సభాధ్యక్షులకు, అధ్యాపక మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం.

భావి కొలైడర్ల గురించి, అంటే కణాలను వేగంగా పరుగెత్తించి ఢీకొట్టించే యంత్రాల గురించి మాట్లాడమని మీ భౌతికశాస్త్ర విభాగం వారు నన్ను పిలిచారు. ఆ యంత్రాలు ఏ కణాలను వెతుకుతాయో, విశ్వం గురించి ఏం చెబుతాయో మీరు చాలాచోట్ల చదివే ఉంటారు. అందువల్ల ఆ సంగతులను పక్కన పెట్టి, అటువంటి యంత్రాలకు రూపకల్పన చేసే మనుషులు ఎక్కడ, ఎలా తయారవుతారనే విషయం ఎంచుకున్నాను. ఈ రంగంలో చాలాకాలం పనిచేసినవాడిగా నాకు అన్నిటికన్నా ఎక్కువ పట్టింపు ఉన్నది ఈ విషయం మీదే.

ముందుగా కాలం లెక్క చూద్దాం. జెనీవా దగ్గర ఐరోపా కణభౌతిక పరిశోధన సంస్థ సెర్న్‌లో నడుస్తున్న లార్జ్ హేడ్రాన్ కొలైడర్ గురించి శాస్త్రజ్ఞులు తొలిసారి గట్టిగా చర్చించుకున్నది 1984లో, లోజాన్ నగరంలో జరిగిన ఒక సమావేశంలో. నిర్మాణానికి ఆమోదం 1994 డిసెంబరులో వచ్చింది. తొలి కణాల పుంజం 2008 సెప్టెంబరు 10న తిరిగింది. హిగ్స్ కణం దొరికిందన్న ప్రకటన 2012 జూలై 4న వెలువడింది. లోజాన్ సమావేశంలో ముప్ఫై ఏళ్ల వయసుతో కూర్చున్న వ్యక్తికి ఆ ప్రకటన నాటికి యాభై ఎనిమిదేళ్లు వచ్చాయి. దాని తర్వాతి యంత్రంగా సెర్న్ పరిశీలిస్తున్న ఫ్యూచర్ సర్క్యులర్ కొలైడర్ సాధ్యాసాధ్యాల నివేదిక 2025 మార్చి 31న విడుదలైంది. దాని సొరంగం చుట్టుకొలత సుమారు 91 కిలోమీటర్లు. అందులో మొదట ఎలక్ట్రాన్, దాని ప్రతికణమైన పాజిట్రాన్ పుంజాలను 2040ల రెండో సగంలో ఢీకొట్టించాలనీ, ఆ తర్వాత అదే సొరంగంలో 2070లలో ప్రోటాన్ యంత్రాన్ని నడపాలనీ ఆలోచన. అంటే ఈ హాల్లో ఉన్న ఇరవై రెండేళ్ల విద్యార్థి మొదటి యంత్రాన్ని చూసేసరికి నడివయసులో ఉంటాడు. రెండో యంత్రాన్ని నడపబోయే వారిలో చాలామంది ఇంకా పుట్టనే లేదు. ఇంత దీర్ఘమైన పనిలో ఒక తరం తన చేతిలోని విద్యను తర్వాతి తరానికి అందించడాన్ని రూపకల్పన పూర్తయ్యాక చూసుకోవచ్చులే అని వదిలేస్తే, ఆ రూపకల్పన కాగితం మీదే మిగిలిపోతుంది.

అయితే ఈ విద్య మామూలు విశ్వవిద్యాలయాల్లో దొరకదు. కణభౌతిక శాస్త్రానికి ఆచార్య పీఠాలు ఉంటాయి, ఎలక్ట్రికల్ ఇంజనీరింగుకు పెద్ద విభాగాలే ఉంటాయి. కణాల వేగం పెంచే యంత్రాల శాస్త్రమైన యాక్సిలరేటర్ భౌతికశాస్త్రం మాత్రం విద్యుదయస్కాంత సిద్ధాంతానికి, యంత్రశాస్త్రానికి, లోహశాస్త్రానికి, శూన్య సాంకేతికతకు, గణనకు నడుమ ఎవరి ఇంటిదీ కాని బిడ్డలా ఉండిపోయింది. ఆ లోటు పూడ్చడానికే ప్రత్యేక పాఠశాలలు పుట్టాయి. అమెరికాలో యూఎస్ పార్టికల్ యాక్సిలరేటర్ స్కూల్ 1981లో మొదలైంది. దానికి సొంత ప్రాంగణం లేదు. ఏటా రెండుసార్లు, ఒక్కోసారి ఒక్కో విశ్వవిద్యాలయాన్ని ఆతిథ్యం అడిగి, ఒక సెమిస్టరు పాఠాన్ని రెండు వారాల్లోకి కుదించి చెబుతుంది. సెర్న్ యాక్సిలరేటర్ స్కూల్ 1983లో, జెనీవాకు కొద్ది దూరంలో ఫ్రాన్స్‌లోని ఆర్షాంలో నడిచే ఉమ్మడి విశ్వవిద్యాలయాల పాఠశాల 1994లో ప్రారంభమయ్యాయి. పగలంతా ఉపన్యాసాలు, రాత్రి పొద్దుపోయే దాకా లెక్కలు, చివర పరీక్ష. ఈ పద్ధతిలో చదివినవారే నేడు ప్రపంచంలోని పెద్ద యంత్రాలను నడుపుతున్న తరం.

ఈ పాఠశాలల్లో ఒకదాని గురించి నేను కొంచెం నిదానంగా చెబుతాను, ఎందుకంటే అది ఇంకా కట్టని యంత్రం కోసమే పుట్టింది. ఎలక్ట్రాన్లను, పాజిట్రాన్లను సరళరేఖలో పరుగెత్తించి ఢీకొట్టించే అంతర్జాతీయ లీనియర్ కొలైడర్‌కు అతివాహక (అతి చల్లదనంలో విద్యుత్ నిరోధం దాదాపు లేని) సాంకేతికతను వాడాలని 2004లో నిర్ణయం జరిగింది. మరుసటి ఏడాది బ్యారీ బారిష్ నాయకత్వంలో ప్రపంచవ్యాప్త రూపకల్పన బృందం ఏర్పడింది. రూపకల్పనకు మనుషులు చాలరని వెంటనే అర్థమైంది. 2006లో జపాన్‌లోని హయామాలో లీనియర్ కొలైడర్ల అంతర్జాతీయ యాక్సిలరేటర్ పాఠశాల మొదటి తరగతి నడిచింది. ఆ తర్వాత అది సిసిలీలోని ఎరీచేకు, చికాగో పరిసరాలకు, బీజింగుకు, స్విట్జర్లాండుకు, కాలిఫోర్నియాకు తిరిగి, 2012లో మన దేశానికి వచ్చింది. రాజా రామన్న ప్రగత ప్రౌద్యోగికీ కేంద్రం ఆతిథ్యంలో ఇండోర్‌లో జరిగిన ఆ పాఠశాలలో అనేక దేశాల విద్యార్థులు కలిసి చదివారు. మొదటి రోజుల్లో అందరికీ ఉమ్మడి పాఠాలు ఉండేవి; ఆ తర్వాత పుంజం నడకను లోతుగా చదివేవారు ఒకవైపు, త్వరణానికి కావలసిన రేడియో తరంగ సాంకేతికతను చదివేవారు మరొకవైపు విడిపోయేవారు.

ఆ తరగతుల్లో మొట్టమొదట తేల్చుకోవలసిన ప్రశ్న, యంత్రం గుండ్రంగా ఉండాలా, సరళరేఖలో ఉండాలా అన్నది. ఆవేశం ఉన్న కణం వంపు తిరిగినప్పుడు కాంతిని వెదజల్లి శక్తిని పోగొట్టుకుంటుంది. దీన్నే సింక్రోట్రాన్ వికిరణం అంటాం. ఒక్కో చుట్టులో పోయే శక్తి, కణం శక్తి నాలుగో ఘాతానికి అనులోమంగా, వంపు వ్యాసార్ధానికి విలోమంగా మారుతుంది. శక్తిని రెట్టింపు చేస్తే నష్టం పదహారు రెట్లవుతుందన్నమాట. సెర్న్‌లో 1989 నుంచి 2000 వరకు నడిచిన లెప్ అనే ఎలక్ట్రాన్, పాజిట్రాన్ వలయ యంత్రంలో ఒక్కో ఎలక్ట్రాన్‌కు చివరి రోజుల్లో 104 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల (జీఈవీ) శక్తి ఉండేది. అందులో మూడు శాతానికి పైగా ఒక్క చుట్టులోనే పోయేది. సెకనుకు పదకొండు వేల చుట్లు తిరిగే కణానికి ప్రతి చుట్టులోనూ ఆ నష్టాన్ని పూడ్చాలి. ప్రోటాన్ బరువు ఎలక్ట్రాన్‌కు 1836 రెట్లు. వికిరణం ద్రవ్యరాశి నాలుగో ఘాతానికి విలోమంగా తగ్గుతుంది కనుక, అదే శక్తి వద్ద, అదే వంపులో ప్రోటాన్ కోల్పోయేది పదకొండు లక్షల కోట్ల వంతు మాత్రమే. ఎలక్ట్రాన్ యంత్రాల్లో లెప్‌ను మించిన శక్తిని కోరేవారికి దారులు రెండే మిగులుతాయి. వలయాన్ని ఎంతో పెద్దదిగా కట్టాలి, అది ఫ్యూచర్ సర్క్యులర్ కొలైడర్ దారి. లేదా వంపునే వదిలేయాలి, అది లీనియర్ కొలైడర్ దారి.

వంపును వదిలేయగానే కొత్త కష్టం మొదలవుతుంది. వలయంలో కణాల గుత్తి ఒకసారి ఢీకొట్టకుండా పోతే మళ్లీ తిరిగి వస్తుంది; అదే గుత్తిని గంటల తరబడి వాడుకుంటాం. సరళ యంత్రంలో ఒక్కో గుత్తికి ఒక్కటే అవకాశం. అంతర్జాతీయ లీనియర్ కొలైడర్‌పై 2013లో వెలువడిన సాంకేతిక రూపకల్పన నివేదిక ప్రకారం సెకనుకు ఐదు దఫాలుగా, దఫాకు 1312 గుత్తులు, గుత్తికి రెండు వేల కోట్ల కణాలు వస్తాయి. అన్నీ కలిపి సెకనుకు ఏడు వేల లోపు సందర్భాలే. హేడ్రాన్ కొలైడర్‌లో గుత్తులు ఎదురుపడే అవకాశం ప్రతి 25 నానోసెకన్లకు ఒకసారి వస్తుంది. ఆ తేడాను పూడ్చాలంటే గుత్తిని ఊహకు అందనంత సన్నగా నొక్కాలి. 500 జీఈవీ యంత్రానికి నిర్ణయించిన కొలత ఢీకొట్టే చోట వెడల్పు 474 నానోమీటర్లు, ఎత్తు 5.9 నానోమీటర్లు.

ఇక్కడ నేను విద్యార్థులను ఆపి ఒక ప్రశ్న అడుగుతాను: ఎందుకు పలచటి రిబ్బనులా ఉండాలి, గుండ్రని దారంలా ఎందుకు ఉండకూడదు? ఢీకొట్టే సంఘటనల రేటు, అంటే ల్యూమినాసిటీ, వెడల్పు, ఎత్తుల లబ్ధానికి విలోమంగా ఉంటుంది. ఆ లబ్ధం చిన్నదైతే చాలు. కానీ ఒక గుత్తి ఇంకో గుత్తిలోంచి దూసుకుపోయేటప్పుడు ఎదుటి గుత్తి కలిగించే విద్యుదయస్కాంత క్షేత్రానికి కణాలు వంగి, మళ్లీ వికిరణం వెదజల్లుతాయి. వంపును తప్పించుకుందామని సరళరేఖను ఎంచుకున్నాక, అదే బాధ చివరి మైక్రాన్లలో ఎదురవుతుంది. ఆ క్షేత్రం బలం వెడల్పు, ఎత్తుల మొత్తానికి విలోమంగా ఉంటుంది. లబ్ధం చిన్నదిగా, మొత్తం పెద్దదిగా ఉండాలంటే ఒక కొలత పెద్దదిగా, రెండోది అతి చిన్నదిగా ఉండాలి. అందుకే పుంజం రిబ్బనులా ఉంటుంది. ఈ జవాబును తనంతట తాను కనుక్కున్న విద్యార్థికి రూపకల్పన అంటే ఏమిటో ఆ క్షణంలో తెలిసిపోతుందని నా నమ్మకం.

అది మొదటి మెట్టు మాత్రమే. అంత తక్కువ ఎత్తు సాధించాలంటే పుంజంలోని కణాల చెదురు ముందే చాలా తక్కువగా ఉండాలి. అందుకోసం డ్యాంపింగ్ వలయాల్లో పుంజాన్ని చల్లబరచాలి, అంటే ఆ చెదురును అణచాలి. ఆ వలయాల్లో గుత్తుల నడుమ ఎడం తగ్గిస్తే, గోడల నుంచి రాలే ఎలక్ట్రాన్లు మేఘంలా పోగై పాజిట్రాన్ పుంజాన్ని కుదిపేస్తాయి. ఎడం పెంచితే వలయం పెద్దదవుతుంది, ఖర్చు పెరుగుతుంది. చివరి కటకం లాంటి అయస్కాంతాలు పుంజాన్ని బలంగా నొక్కితే, కణాల శక్తుల్లోని కొద్దిపాటి తేడా వల్ల కేంద్రీకరణ చెడుతుంది. దాన్ని సరిచేసే షట్‌ధ్రువ అయస్కాంతాలు తమ దోషాలను తాము తెచ్చిపెడతాయి. నేల కంపించినా పుంజం తప్పిపోతుంది. ఏ ఒక్క అంకెనూ విడిగా మార్చలేం. సూత్రాలన్నీ కంఠతా వచ్చిన విద్యార్థులు కూడా, పుంజం కరెంటు (కణాల ప్రవాహం) పెంచకుండా ల్యూమినాసిటీని రెట్టింపు చేయమంటే తొలి రోజు తడబడతారు, ఎందుకంటే వారు అప్పటిదాకా చేసిన ప్రతి లెక్కకూ ఒకే సరైన జవాబు ఉండేది. ఇక్కడ జవాబులు చాలా ఉంటాయి; ఒక్కోదానికి చెల్లించవలసిన మూల్యం ఒక్కోచోట దాగి ఉంటుంది. ఆ మూల్యం ఎక్కడుందో చూడగలగడమే నేర్పవలసిన విద్య. అందుకే విడివిడి లెక్కలు ఇచ్చే తరగతుల కన్నా, ఆర్షాం పాఠశాలలోనూ ఆక్స్‌ఫర్డ్ భాగస్వామిగా ఉన్న జాన్ ఆడమ్స్ యాక్సిలరేటర్ శాస్త్ర సంస్థలోనూ చేయించినట్లు విద్యార్థులందరినీ కలిపి ఒక పూర్తి యంత్రాన్ని రూపకల్పన చేయించే పద్ధతి మేలని నా అభిప్రాయం. ఒకరు అయస్కాంతాలు, ఒకరు రేడియో తరంగాలతో కణాలకు వేగాన్నిచ్చే బోలు లోహ పాత్రలైన క్యావిటీలు, ఒకరు పుంజం కక్ష్య చూసుకుంటూ, తన భాగంలో మార్పు పక్కవాడి లెక్కను ఎలా తలకిందులు చేస్తుందో వారు కళ్లారా చూస్తారు.

సాంకేతికత వైపు వెళ్లిన విద్యార్థికి ఎదురయ్యేది నియోబియం అనే లోహం. తొమ్మిది గదులున్న నియోబియం క్యావిటీని ద్రవ హీలియంలో రెండు కెల్విన్లకు చల్లబరచి, 1.3 గిగాహెర్ట్జ్ తరంగాలతో నింపి, మీటరుకు 31.5 మెగావోల్టుల త్వరణం రాబట్టాలి. 500 జీఈవీ యంత్రానికి అటువంటివి పదహారు వేల దాకా కావాలి. లోపలి ఉపరితలం మీద కంటికి కనపడని ధూళి రేణువు ఉన్నా అక్కడి నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపడి క్యావిటీ పనికిరాకుండా పోవచ్చు. ఆమ్లంతో శుభ్రం చేయడం, అధిక పీడనపు నీటితో కడగడం, దుమ్ములేని గదిలో బిగించడం పుస్తకంలో చదివితే వచ్చే పనులు కావు. మన హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్‌కు నియోబియం తయారీలో అనుభవం ఉంది. ఇండోర్ శాస్త్రజ్ఞులు అమెరికాలోని ఫెర్మీల్యాబ్‌తో కలిసి ఇటువంటి క్యావిటీలు చేశారు. ఇది చెప్పడానికి ఒక కారణం ఉంది. అంతర్జాతీయ లీనియర్ కొలైడర్‌ను ఇంతవరకు కట్టలేదు. దాని కోసం నేర్చుకున్న విద్య వృథా అయిందని కొందరు అనుకుంటారు. హాంబర్గ్‌లో 2017 నుంచి నడుస్తున్న యూరోపియన్ ఎక్స్-రే లేజర్‌లో ఎనిమిది వందలకు దగ్గరగా అదే జాతి క్యావిటీలు ఉన్నాయి; ప్రోటీన్ల నిర్మాణాన్ని, పదార్థాల్లో జరిగే అతి వేగవంతమైన మార్పులను అది చూపిస్తోంది. కొలైడర్ కోసం తయారైన మనుషులు, సాంకేతికత లేకపోతే అది అంత సాఫీగా నిలబడేది కాదు.

పనిచేస్తున్న యంత్రం దగ్గర నిలబడకుండా నేర్చిన రూపకల్పన నేల విడిచి సాము చేయడమే. ప్రపంచంలో ఇంతవరకు నడిచిన సరళ కొలైడర్ ఒక్కటే, స్టాన్‌ఫర్డ్‌లో 1989 నుంచి 1998 వరకు పనిచేసినది. దాన్ని అనుకున్న స్థాయికి తేవడానికి ఏళ్లు పట్టింది. ఆ ఏళ్లలో నేర్చుకున్న పుంజ సవరణ పద్ధతులే తర్వాతి సరళ యంత్రాల రూపకల్పనలకు పునాది. జపాన్‌లోని సుకుబాలో ఏటీఎఫ్ అనే చిన్న యంత్రం దగ్గర ఎన్నో దేశాల పరిశోధక విద్యార్థులు కలిసి పుంజం ఎత్తును 41 నానోమీటర్ల దాకా దించారు. 1.3 జీఈవీ పుంజంతో ఆ కొలత సాధించడం, పెద్ద యంత్రంలో ఆరు నానోమీటర్లు సాధ్యమేనన్న నమ్మకం ఇస్తుంది. అదే ప్రాంగణంలో సూపర్‌కేఈకేబీ అనే వలయ యంత్రం ఇటీవలి సంవత్సరాల్లో ల్యూమినాసిటీ రికార్డులు నెలకొల్పింది. ఆ యంత్రం దగ్గర జరిగే బెల్లె-2 ప్రయోగంలో ఐఐటీ హైదరాబాదు భాగస్వామి. అక్కడికి డిటెక్టరు పనిమీద వెళ్లే మన విద్యార్థులు కంట్రోల్ రూములో కూడా కొన్ని రాత్రులు గడిపి, పుంజం ఎందుకు చెదిరిందో, ఎలా దారికి తెచ్చారో చూసి రావాలని నా కోరిక.

యంత్రం దగ్గర మాత్రమే తెలిసే సంగతులు ఎటువంటివో రెండు ఉదాహరణలు చెబుతాను. లెప్ యంత్రంలో పుంజం శక్తి రోజులో కొద్దికొద్దిగా మారుతుండేది. చంద్రుడి ఆకర్షణకు సముద్రంలాగే నేల కూడా ఉబ్బి తగ్గుతుంది. దాంతో 27 కిలోమీటర్ల సొరంగం చుట్టుకొలత మిల్లీమీటరు మేర మారేదనీ, శక్తిలో మార్పు దానివల్లేననీ తేలింది. రెండో ఉదాహరణ బాధాకరమైనది. 2008 సెప్టెంబరు 19న, అంటే తొలి పుంజం తిరిగిన తొమ్మిది రోజులకు, హేడ్రాన్ కొలైడర్‌లో రెండు అయస్కాంతాల నడుమ ఉన్న ఒక విద్యుత్ అతుకు తెగింది. ఆ అతుకు నిరోధం ఒక నానో ఓమ్ కన్నా తక్కువ ఉండవలసింది రెండు వందల దాకా ఉన్నట్లు తర్వాత అంచనా వేశారు. అయస్కాంతాలను చల్లబరచే హీలియం బద్దలుకొట్టుకుని వెలికివచ్చింది, యాభైకి పైగా అయస్కాంతాలు దెబ్బతిన్నాయి, యంత్రం మళ్లీ తిరగడానికి ఏడాదికి పైగా పట్టింది. ఇరవై నాలుగేళ్ల ప్రణాళిక ఒక అతుకు దగ్గర ఆగింది. ఆ ప్రమాదంపై నివేదికను ప్రతి యాక్సిలరేటర్ పాఠశాలలోనూ పాఠ్యాంశంగా చదివించాలి.

మనుషుల గొలుసు తెగితే ఏమవుతుందో కూడా చరిత్రలో ఉంది. అమెరికా టెక్సాస్ రాష్ట్రంలో 87 కిలోమీటర్ల చుట్టుకొలతతో సూపర్‌కండక్టింగ్ సూపర్ కొలైడర్ కట్టడం మొదలుపెట్టి, సుమారు రెండు వందల కోట్ల డాలర్లు ఖర్చు చేసి, ఇరవై కిలోమీటర్లకు పైగా సొరంగం తవ్వాక, 1993 అక్టోబరులో ఆ దేశ చట్టసభ కాంగ్రెస్ దాన్ని రద్దు చేసింది. సొరంగం గురించే అందరూ మాట్లాడతారు. ఆ యంత్రాన్ని నమ్ముకుని జీవితాన్ని మలచుకున్న వందలాది శాస్త్రజ్ఞులు, ఇంజనీర్లు చెల్లాచెదురయ్యారు. కొందరు ఐరోపాకు, కొందరు వేరే వృత్తులకు వెళ్లిపోయారు. డబ్బు మళ్లీ పోగుచేయవచ్చు. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న అయస్కాంత నిపుణుడిని ఏ బడ్జెట్టూ ఒక్క ఏడాదిలో తయారుచేయలేదు.

మ్యూయాన్ కొలైడర్ గురించి క్లుప్తంగా చెబుతాను. ఎలక్ట్రాన్ కన్నా 207 రెట్లు బరువైన మ్యూయాన్‌కు వికిరణ నష్టం స్వల్పం, కాని నిశ్చల స్థితిలో దాని ఆయుష్షు 2.2 మైక్రోసెకన్లే. పుట్టించిన మ్యూయాన్లను అవి క్షీణించిపోయేలోగా చల్లబరచి, వేగం పెంచి, ఢీకొట్టించాలి. చల్లబరచే పద్ధతి పనిచేస్తుందని బ్రిటన్‌లో జరిగిన మైస్ ప్రయోగం 2020లో చూపింది. మిగిలిన దాదాపు ప్రతి భాగమూ ఇంకా రూపకల్పన దశలోనే ఉంది. పేరు ఇంకా స్థిరపడని రంగంలో మొదటి అడుగులు వేయాలనుకునే యువతకు ఇంతకన్నా మంచి చోటు నాకు కనిపించడం లేదు.

మన దేశం వైపు చూస్తే, హేడ్రాన్ కొలైడర్ అయస్కాంతాలను సొరంగంలో కచ్చితంగా నిలబెట్టే వేలాది జాకీలు, అతివాహక సవరణ అయస్కాంతాలు భారతదేశం నుంచి వెళ్లాయి. 2017 జనవరి నుంచి మనం సెర్న్‌లో అసోసియేట్ సభ్యదేశం. అక్కడి పరిమిత కాలపు ఉద్యోగాలకు, ఫెలోషిప్‌లకు మన యువతీయువకులు దరఖాస్తు చేయవచ్చు. ఇండోర్, కోల్‌కతా, ఢిల్లీ, ముంబయి కేంద్రాలలో యాక్సిలరేటర్లు ఉన్నాయి. అయినా మన తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలలో ఎమ్మెస్సీ స్థాయిలో యాక్సిలరేటర్ భౌతికశాస్త్రాన్ని పూర్తి పాఠంగా చెప్పేచోటు చాలా అరుదు. దీనికి కోట్ల రూపాయలు అక్కరలేదు. హామిల్టన్ యాంత్రికశాస్త్రం, విద్యుదయస్కాంత సిద్ధాంతం ఇప్పటికే చెబుతున్నారు. వాటి పక్కన ఒక ఐచ్ఛిక పాఠం పెట్టి, ఉచితంగా దొరికే మ్యాడ్-ఎక్స్ వంటి యాక్సిలరేటర్ రూపకల్పన ప్రోగ్రాముతో ఒక చిన్న వలయాన్ని కంప్యూటరులో విద్యార్థుల చేత కట్టిస్తే, వారిలో కొందరైనా పెద్ద పాఠశాలలకు ధైర్యంగా దరఖాస్తు చేస్తారు. ఇంజనీరింగు విద్యార్థులూ వినండి: ప్రపంచంలో ముప్ఫై వేలకు పైగా ఉన్నాయని అంచనా వేసే యాక్సిలరేటర్లలో అత్యధిక భాగం ఆసుపత్రుల్లో, కర్మాగారాల్లో ఉన్నాయి. కొలైడర్ కోసం నేర్చిన విద్యకు అక్కడా పని ఉంది.

ప్రశ్నల సమయం వచ్చింది. ఈలోగా ఒక లెక్క ఇస్తాను. జీఈవీలో కొలిచిన ప్రోటాన్ శక్తి, టెస్లాలలో అయస్కాంత క్షేత్రాన్ని, మీటర్లలో వంపు వ్యాసార్ధాన్ని, 0.3ను గుణిస్తే వస్తుంది. హేడ్రాన్ కొలైడర్‌కు 8.33 టెస్లాలు, 2804 మీటర్లు వేసి చూడండి, ఏడు వేల జీఈవీ వస్తుంది. 2804 మీటర్ల వ్యాసార్ధానికి చుట్టుకొలత పదిహేడున్నర కిలోమీటర్ల పైచిలుకే, కాని సొరంగం 27 కిలోమీటర్లు. మిగతా దూరాన్ని దేనికి కేటాయించారో ఆలోచించండి. తర్వాత 91 కిలోమీటర్ల సొరంగంలో పదింట ఏడు వంతులు వంపు అయస్కాంతాలకు ఇచ్చి, 14 టెస్లాల క్షేత్రంతో ఎంత శక్తి వస్తుందో లెక్కకట్టండి. ఆ 14 టెస్లాలను 16 చేయాలంటే ఏ లోహపు తీగ కావాలో, అది ఎందుకు పెళుసుగా ఉంటుందో మీలో ఎవరైనా అడిగితే అక్కడి నుంచి మొదలుపెడదాం.